చిట్టి టైరు... గట్టి పట్టు!

అరచేతిలో ఒదిగిపోయే కారు అది. దానికి స్టీరింగు ఉండదు, గేర్లుండవు, హారనూ ఉండదు. నడిపేవాళ్ల చేతిలో ఉండేది ఒక్క మీట మాత్రమే. అయినా దాంతో ప్రపంచమంతా పందేలు జరుగుతాయి. ఆ పందేల్లో గెలుపోటములు తేల్చేది మోటారనుకుంటే పొరపాటే. వెనకున్న రెండు బుల్లి టైర్లు... వాటికి అంటుకున్న చిటికెడు దుమ్ము! స్లాట్ కార్ల లోకంలో టైరు తుడవడం కూడా ఓ విద్యే. ఆ సంగతులే ఇవి.

బ్రిటన్‌లోనో జర్మనీలోనో ఓ ఇల్లు ఊహించుకోండి. బయట వాన. హాల్లో సోఫా పక్కకు జరిపి నేలమీద నల్లటి ప్లాస్టిక్ ట్రాక్ పరిచారు. రెండు గాడులు, రెండు కార్లు. ఒకటి నాన్నది, ఇంకోటి పదేళ్ల పాపది. మొదటి పది నిమిషాలూ ఇద్దరూ పోటాపోటీగా నడిపారు. ఆ తర్వాతే మొదలైంది గొడవ. మలుపు వచ్చిందంటే చాలు, పాప కారు తోక జాడించి గాడిలోంచి ఎగిరి సోఫా కిందికి పోతోంది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు...

‘‘నా కారు పాడైపోయింది నాన్నా. నేనాడను’’ అంటూ కంట్రోలర్ పడేసింది పాప.

నాన్న ఏం మాట్లాడలేదు. కారు తీసి తిరగేశాడు. మాస్కింగ్ టేపు ముక్క ఒకటి చించి, జిగురువైపు పైకి పెట్టి, దానిమీద వెనక టైర్లను నాలుగుసార్లు దొర్లించాడు. టేపుమీద రెండు బూడిదరంగు చారలు పడ్డాయి. కార్పెట్ నూగు, దుమ్ము, ఓ తలవెంట్రుక కూడా. ‘‘ఇప్పుడు నడుపు’’ అన్నాడు. అదే కారు, అదే మలుపు. కారు మాత్రం గీత గీసినట్టు తిరిగింది!

ఇలాంటి దృశ్యం ఏదో ఒక ఇంట్లో రోజూ జరుగుతూనే ఉంటుంది. కాకపోతే అన్ని ఇళ్లలోనూ టేపు ముక్క చించే నాన్న ఉండడు. అలాంటిచోట ‘ఈ బొమ్మ బాగాలేదు’ అనే తీర్పు వచ్చేస్తుంది. బోలెడు డబ్బు పోసి కొన్న పెట్టె వారం తిరక్కుండానే అటకెక్కుతుంది.

ఏమిటీ స్లాట్ కారు?

రిమోట్ కారు వేరు, ఇది వేరు. రిమోట్ కారుకు బ్యాటరీ ఉంటుంది, ఎటు తిప్పితే అటు పోతుంది. స్లాట్ కారుకు ఆ స్వేచ్ఛ లేదు. ట్రాక్‌లో సన్నటి గాడి ఉంటుంది. కారు ముందుభాగం కింద ఉండే చిన్న నాలుక లాంటి ముక్క ఆ గాడిలో దిగుతుంది. గాడికి రెండువైపులా లోహపు పట్టీలుంటాయి. కారు కింది నుంచి వేలాడే జడలాంటి రాగితీగలు ఆ పట్టీలను తాకుతూ కరెంటు తీసుకుంటాయి. ఇళ్లలో ఆడే సెట్లకు 12 నుంచి 15 వోల్టుల కరెంటే కాబట్టి పిల్లలకు భయం లేదు. చేతిలోని మీట నొక్కేకొద్దీ వేగం పెరుగుతుంది. వదిలేస్తే తగ్గుతుంది. అంతే!

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ కార్లు దూసుకెళ్లడం చూసినవాళ్లు ‘కరెంటు కార్లతో కూడా రేసులా’ అని ఆశ్చర్యపోయారు. నిజానికి కరెంటుతో బొమ్మకార్ల పందెం వందేళ్లు దాటిన ముచ్చట. అమెరికాలో లయొనెల్ అనే బొమ్మరైళ్ల కంపెనీ 1912లోనే ట్రాక్‌మీద పరుగెత్తే విద్యుత్ కార్లను అమ్మింది.

అయితే దీన్ని ఇంటింటి ఆటగా మార్చింది మాత్రం బ్రిటన్‌కు చెందిన ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఇంజినీరు. ఆయన కంపెనీ మినీమోడల్స్ 1952లో ‘స్కేలెక్స్’ పేరుతో స్ప్రింగుతో పరుగెత్తే రేకు కార్లను తెచ్చింది. కొన్నాళ్లు బాగానే అమ్ముడుపోయాయి. తర్వాత జనానికి మోజు తగ్గింది. ఎంతసేపని స్ప్రింగు బిగిస్తారు, ఎంతసేపని చూస్తారు? నడిపే అవకాశం ఉంటేనే ఆట అవుతుందని గ్రహించి ఆ కార్లలో మోటారు పెట్టాడు ఫ్రాన్సిస్. స్కేలెక్స్‌కు ‘ఎలక్ట్రిక్’ కలిపి ‘స్కేలెక్స్‌ట్రిక్’ అని పేరుపెట్టి 1957లో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో పెట్టాడు. వ్యాపారులు ఎగబడ్డారు. గిరాకీని తట్టుకోలేక మరుసటి ఏడాదే ఆ కంపెనీని లైన్స్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థకు అమ్మేశాడు. అన్నట్టు... మొదట్లో స్కేలెక్స్‌ట్రిక్ ట్రాక్‌ను రబ్బరుతో చేసేవాళ్లు. ప్లాస్టిక్ ట్రాక్ 1960ల్లో వచ్చింది. రబ్బరు మీద రబ్బరు చక్రం ఒకరకంగా పట్టుకుంటుంది, నున్నటి ప్లాస్టిక్ మీద మరోరకంగా. టైరు మీద అంత శ్రద్ధ పెట్టాల్సి రావడానికి ఈ మార్పూ ఓ కారణమే.

రెండు బియ్యపుగింజలంత చోటు

స్లాట్ కార్లలో బాగా వాడుకలో ఉన్నది 1:32 కొలత. అంటే అసలు కారులో ముప్పై రెండో వంతు. నాలుగున్నర మీటర్ల కారు ఇక్కడ 14 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. వెనక టైరు వ్యాసం సుమారు 20 మిల్లీమీటర్లు, వెడల్పు ఓ సెంటీమీటరు. అందులో ఏ క్షణానికైనా ట్రాక్‌ను తాకేది ఎంత? రెండు బియ్యపుగింజలు పక్కపక్కన పెట్టినంత!

మామూలుగా ఈ కార్లలో మోటారు తిప్పేది వెనక చక్రాలనే. ముందుకు తోసేదీ అవే. మీట వదిలినప్పుడు చాలా ట్రాక్‌లలో మోటారే బ్రేకులా పనిచేస్తుంది. ఆ బ్రేకు పడేదీ వెనక టైర్ల మీదే. మలుపులో కారు తోక విసిరేయకుండా ఆపేదీ అవే. అంటే పరుగు, నిలుపు, మలుపు... మూడు బరువులూ ఆ బియ్యపుగింజలంత చోటే మోయాలి.

రబ్బరుకు పట్టు ఎలా వస్తుంది? మెత్తటి రబ్బరు కిందనున్న ఉపరితలాన్ని ఒత్తుకుని, దాని సన్నటి ఎగుడుదిగుళ్లలోకి ఒదిగి, అతుక్కున్నట్టు నిలుస్తుంది. మధ్యలో దుమ్ము చేరితే రబ్బరు తాకేది ట్రాక్‌ను కాదు, దుమ్మును. క్యారమ్ బోర్డు మీద పౌడరు ఎందుకు చల్లుతాం? కాయిన్లు సర్రున జారడానికే కదా. టైరుకింద దుమ్ము చేసే పనీ అచ్చం అదే. క్యారమ్స్‌లో అది వరం, ఇక్కడ శాపం.

ఓ చిన్న లెక్క చూద్దాం. 20 మిల్లీమీటర్ల టైరు ఒక్కసారి తిరిగితే దాదాపు 63 మిల్లీమీటర్లు పోతుంది. ట్రాక్ పది మీటర్లుంటే ఒక్క చుట్టుకు 160 సార్లు తిరగాలి. యాభై చుట్లకు ఎనిమిది వేలసార్లు! అన్నిసార్లూ అదే రబ్బరు, అదే ట్రాక్‌ను చీపురులా ఊడుస్తూ పోతుంది. దుమ్మంతా ఎవరికి అంటుతుంది మరి?

ఇంకో లెక్క. ఒక్కో చుట్టుకు ఐదు సెకన్లు పట్టే ట్రాక్ అనుకోండి. మురికి టైరు వల్ల చుట్టుకు సెకనులో పదోవంతు ఆలస్యమైంది. కంటికి ఆనదు. కానీ యాభై చుట్లు పూర్తయ్యేసరికి అది ఐదు సెకన్లు. అంటే సరిగ్గా ఒక చుట్టు వెనకబడిపోతారు. నడపడంలో ఏ తప్పూ చేయకుండానే ఓడిపోయినట్టు!

అయస్కాంతం దాచిన రహస్యం

ఇళ్లలో ఆడే చాలా కార్లకు కింద ఓ చిన్న అయస్కాంతం ఉంటుంది. అది ట్రాక్‌లోని ఇనుప పట్టీలను లాగుతూ కారును కిందికి అదిమిపెడుతుంది. పిల్లలు మీట గట్టిగా నొక్కినా కారు అంత తేలిగ్గా ఎగిరిపోదు. సదుపాయమే. కాకపోతే అది టైరు లోపాలను కూడా దాచేస్తుంది. అందుకే ఆటలో ఆరితేరినవాళ్లు అయస్కాంతం తీసేసి నడుపుతారు. చాలా క్లబ్బుల్లో అసలు పోటీలే అలా జరుగుతాయి. అయస్కాంతం తీసిన మరుక్షణం కారు నిజస్వరూపం బయటపడుతుంది. టైరు గుండ్రంగా లేకపోతే కారు కుందేలులా గెంతుతుంది. మురికిగా ఉంటే మంచుమీద నడిచినట్టు జారుతుంది.

ఈ క్లబ్బుల్లో ఓ మంచి ఆచారముంది. గాడి తప్పిన కారును తిరిగి పెట్టడానికి ప్రతి మలుపు దగ్గరా ఒకరు నిలబడతారు. వాళ్లు ఉద్యోగులేం కాదు. అప్పుడే పందెం ముగించుకున్న పోటీదారులే. ఇందాక మనల్ని ఓడించిన వ్యక్తే ఇప్పుడు మన కారును జాగ్రత్తగా గాడిలో పెడతాడు. ఒక గాడి లోపలివైపు, ఇంకోటి బయటివైపు కాబట్టి ఎవరికీ అన్యాయం జరక్కుండా అందరూ వంతులవారీగా అన్ని గాడుల్లోనూ నడుపుతారు. ఒక గాడి నుంచి మరో గాడికి మారే ఆ కాస్త విరామంలో చూడాలి... ప్రతి ఒక్కరి చేతిలోనూ ఓ టేపు ముక్కో, గుడ్డపేలికో. అందరూ టైర్లే తుడుస్తుంటారు.

ఏ టైరుకు ఏ మందు?

‘తుడవడమేగా, అదేం విద్య’ అనుకోవచ్చు. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. చూడ్డానికి అన్నీ నల్లగానే ఉన్నా ఈ టైర్లు నాలుగు రకాలు. ఒకదానికి పనికొచ్చిన మందు ఇంకోదానికి విషం.

రబ్బరు: కారుతోపాటు పెట్టెలో వచ్చేవి ఎక్కువగా ఇవే. రోజువారీ దుమ్ముకు టేపు చాలు. నూనె జిడ్డు పట్టినప్పుడు సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తా రకం ద్రవాన్ని గుడ్డకు రెండు చుక్కలంటించి తుడుస్తారు. టైరును అందులో నానబెట్టకూడదు. నానితే రబ్బరు ఉబ్బి ఆకారం చెడుతుంది.

యూరథేన్: ప్లాస్టిక్ ట్రాక్ మీద బాగా పట్టుకునే టైర్లు. రబ్బరుకన్నా తక్కువ అరుగుతాయి. అచ్చులోంచి వచ్చినప్పుడు నున్నగా మెరుస్తుంటాయి. ఆ మెరుపు పొర పోయేదాకా సానపడితేనే పట్టు వస్తుంది. ఆ తర్వాత టేపు, లేదా సబ్బునీటిలో తడిపి పిండిన గుడ్డ సరిపోతుంది.

సిలికోన్: శుభ్రమైన నున్నటి ట్రాక్ మీద వీటి పట్టే వేరు. కానీ దుమ్మును అయస్కాంతంలా లాక్కుంటాయి. పందెం మధ్యలో అరచేత్తో తుడిచినా మళ్లీ ఊపందుకుంటాయి. వీటికి లైటర్ ద్రవం, పెట్రోలు లాంటివి వాడితే పీల్చుకుని ఉబ్బిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం క్షేమం. మామూలు సూపర్ గ్లూలతో ఇవి రిమ్ముకు అతుక్కోవు. సిలికోన్ జిగురే కావాలి.

స్పాంజి రబ్బరు: పెద్దపెద్ద చెక్క ట్రాక్‌ల మీద నడిచే 1:24 కొలత కార్లవి. చాలా మెత్తన. త్వరగా అరుగుతాయి, చివుళ్లు చిరుగుతాయి. తడిగుడ్డతో పైపైన తుడిచి వెంటనే ఆరబెట్టాలి. ఎక్కువ ద్రవం తగిలితే రిమ్ముకు అంటించిన జిగురు వదిలిపోతుంది.

అందుకే అనుభవజ్ఞులు కొత్త ద్రవమేదైనా ముందు పాత టైరు మీద ఓ చుక్క వేసి చూస్తారు. చాలా క్లబ్బుల్లో ఏ టైరు వాడొచ్చు, దేంతో తుడవొచ్చు అన్నదానికి నిబంధనలు కూడా ఉంటాయి. ఒకరి టైరుకు రాసిన నూనె ట్రాక్‌కు అంటుకుందంటే వెనకొచ్చే అందరి కార్లూ జారతాయి మరి!

గుండ్రమంటే... నిజంగా గుండ్రం!

శుభ్రం చేశాక కూడా కారు గెంతుతోందంటే తప్పు దుమ్ముది కాదు, ఆకారానిది. టైరు ఒకచోట వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే చాలు. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోయే కారులో ఆ ఎత్తు సెకనుకు ముప్పైసార్లకు పైగా ట్రాక్‌ను గుద్దుతుంది. గుద్దిన ప్రతిసారీ టైరు గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉన్న టైరుకు పట్టేముంటుంది?

దీనికి మందు సానపట్టడం. ముందు రబ్బరు టైరును రిమ్ముకు సన్నగా జిగురు పెట్టి అంటిస్తారు. లేకపోతే వేగంలో టైరు రిమ్ముమీదే జారుతుంది. తర్వాత పెయింటర్లు వాటర్ పేపర్ అనే ఉప్పు కాగితం తీసుకుంటారు. కారు ముందుభాగం గాడిలోనే ఉంచి, వెనక చక్రాల కింద ఆ కాగితాన్ని పరిచి కదలకుండా అంటిస్తారు. కారును చేత్తో పట్టుకుని మీటను కొద్దిగా నొక్కుతారు. చక్రాలు అక్కడే తిరుగుతూ కాగితం మీద అరుగుతాయి. మొదట 240 నంబరు గరుకు, ఆఖర్న 600 నంబరు నునుపు. కొన్ని సెకన్లపాటు తిప్పడం, ఆపడం, చల్లారనివ్వడం. ఏకబిగిన తిప్పితే మోటారు వేడెక్కుతుంది, రబ్బరూ ముద్దకడుతుంది.

సరిగ్గా అరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? టైరు చుట్టూ స్కెచ్ పెన్నుతో రంగు పూయండి. కాసేపు సానపట్టాక చూస్తే ఎత్తున్నచోట రంగు పోయి, పల్లమున్నచోట మిగులుతుంది. రంగంతా సమానంగా పోయిందంటే టైరు గుండ్రమైనట్టే. పెద్ద పోటీలకెళ్లేవాళ్లు ఇందుకోసమే చిన్న లేతు యంత్రాలు కొనుక్కుంటారు. ఇంటి ఆటకు మాత్రం ఉప్పు కాగితం ముక్క, అరగంట ఓపిక చాలు.

చిత్రమేంటంటే ముందు టైర్ల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కారును నడిపించేది గాడి కాబట్టి ముందు చక్రాలకు పట్టు అక్కర్లేదు. పట్టు ఉంటే మలుపులో అడ్డం పడతాయి. అందుకని వాటికి గోళ్లరంగు పూస్తారు! అవును, అమ్మాయిలు గోళ్లకు వేసుకునే రంగే. అది ఆరాక రబ్బరుమీద గట్టిపొర కట్టి, చక్రం తేలిగ్గా జారుతుంది. ఒకే కారులో వెనక టైరుకు జిడ్డు వదిలించే తంటా... ముందు టైరుకు జారుడు తెచ్చే తంటా!

బామ్ వాసన వేసే పందెం

1960ల్లో ఈ ఆట అమెరికాను ఓ ఊపు ఊపింది. వేలకొద్దీ రేస్‌వేలు వెలిశాయి. గంటకింత అని డబ్బు కట్టి సొంత కారు తెచ్చుకుని నడుపుకోవడమే. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి ఆ మోజు చల్లారి చాలా మూతపడ్డాయి. అప్పటి కుర్రాళ్లను ఇప్పుడు కదిలిస్తే వాళ్లకు ముందుగా గుర్తొచ్చేది ఓ వాసన. వింటర్‌గ్రీన్ నూనె వాసన. టైరు మెత్తబడి పట్టు పెరగడానికి ఆ నూనె రాసేవాళ్లు. మనం నొప్పులకు రాసుకునే బామ్‌లలో ఘాటుగా తగిలే వాసన ఉందే... అదే! హాలంతా మోకాళ్ల నొప్పులవాళ్ల సభలా గుబాళించేదన్నమాట.

ఇప్పటికీ ఉన్న పెద్ద ట్రాక్‌లలో పేరున్నది ‘కింగ్’. ఎనిమిది గాడులు, 155 అడుగుల చుట్టు. అత్యంత వేగవంతమైన వింగ్ కార్లు ఆ చుట్టును రెండు సెకన్లలోపే ముగిస్తాయి. లెక్కగడితే సగటున గంటకు 85 కిలోమీటర్లు పైమాటే! అంత వేగానికి ఉత్త రబ్బరు చాలదు. అందుకే అక్కడ ట్రాక్‌మీదే పలచగా జిగురు లాంటి ద్రవం చల్లుతారు. విరామం దొరికితే చాలు, టైరుకు పేరుకున్న ఆ జిగురును తుడిచేస్తారు. జిగురు తక్కువైతే కారు జారుతుంది, ఎక్కువైతే బంకలో కాలేసినట్టు వేగం చస్తుంది. ఆ మధ్యనున్న సన్నటి గీత తెలిసినవాడిదే గెలుపు.

పొడవు విషయానికొస్తే 2009 ఆగస్టులో బ్రిటన్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో జరిగిన విడ్డూరం చెప్పుకోవాలి. ప్రపంచంలోనే రేసుల కోసం ప్రత్యేకంగా కట్టిన తొలి మోటార్ ట్రాక్ అది. 1907లో మొదలైంది. తర్వాత చాలా భాగం భవనాల కింద, రోడ్ల కింద కలిసిపోయింది. టీవీ వ్యాఖ్యాత జేమ్స్ మే ఓ కార్యక్రమం కోసం స్థానికులను కూడగట్టి, ఆ పాత ట్రాక్ జాడ వెంబడే స్కేలెక్స్‌ట్రిక్ ముక్కలు పరిపించాడు. మొత్తం 4.75 కిలోమీటర్లు... ప్రపంచ రికార్డు! మన లెక్క ప్రకారం ఒక్క చుట్టు పూర్తిచేయడానికి బుల్లి టైరు 75 వేలసార్లు తిరగాలి. అదీ ఆరుబయట, మట్టీ దుమ్మూ మధ్య.

అటకమీది పెట్టె

ఇంతా చేసి ఇది బొమ్మకారే కదా అనిపించొచ్చు. కానీ చాలా ఇళ్లలో ఈ పెట్టె బొమ్మగా మిగలదు. తాతకు చిన్నప్పుడు పుట్టినరోజుకు వచ్చిన కారు, నాన్న ఆడుకున్న కారు, ఇప్పుడు మనవడి చేతికి వస్తుంది. పెట్టె తెరవగానే కారు మెరుస్తూనే ఉంటుంది. మోటారుకు చుక్క నూనె వేస్తే తిరుగుతుంది కూడా. టైరు మాత్రం రాయిలా బిగుసుకుని, పగుళ్లు దేరి ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ రబ్బరు గట్టిపడటం దాని స్వభావం. దానికి ఎన్ని నూనెలు రాసినా పాత మెత్తదనం పూర్తిగా తిరిగిరాదు.

అక్కడే చాలామంది తొందరపడతారు. దొరికిన ద్రవమల్లా పోసి రుద్దుతారు. టైరు సంగతి అటుంచి, పెట్రోలు తరహా ద్రవాలు కారు రంగునూ ప్లాస్టిక్‌నూ తినేస్తాయి. అరవై ఏళ్లు భద్రంగా ఉన్న వస్తువు అరనిమిషంలో పాడవుతుంది. తెలిసినవాళ్లు చేసేది వేరు. పాత టైర్లను నెమ్మదిగా తీసి, ఓ కవరులో వేసి, ఏ కారువో రాసి దాచిపెడతారు. ఎన్నో పాత మోడళ్లకు కొత్త టైర్లు విడిగా దొరుకుతాయి. అవి తొడిగి నడుపుతారు. జ్ఞాపకం కవరులో ఉంటుంది, కారు ట్రాక్ మీద ఉంటుంది.

ఆట ముగిశాక కూడా రెండు నిమిషాల పనుంది. టైర్లు తుడిచి, వెనక చక్రాలు కిందికి ఆనకుండా కారును పెట్టెలో పెట్టాలి. నెలల తరబడి ఒకేచోట ఒత్తుకుని ఉంటే మెత్తటి టైరుకు అక్కడ చదును పడుతుంది. మళ్లీ తీసిన రోజున గెంతుడు మొదలు.

ఆ రెండు నిమిషాల పనిని పిల్లలకు అప్పగించే ఇళ్లున్నాయి. గెలిచినా ఓడినా ఎవరి టైర్లు వాళ్లే తుడుచుకోవాలన్నది అక్కడి నియమం. ‘కారు పాడైపోయింది’ అని కంట్రోలర్ పడేసిన పాప కూడా నాలుగు వారాలు తిరిగేసరికి మాట మారుస్తుంది. కారు జారగానే నాన్నను పిలవదు. తనే టేపు చించుకుంటుంది. దానిమీద పడిన బూడిదరంగు చారల్ని చూసి ‘అదీ సంగతి!’ అనుకుంటుంది. తప్పు వస్తువుదనో, అదృష్టానిదనో అనేముందు ఓసారి తిరగేసి చూడాలన్న పాఠం... ఇంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతుంది!

ఇవి మరవొద్దు

* ముందు ట్రాక్‌ను పొడిగుడ్డతో తుడవండి. ఆ తర్వాతే టైర్లు. ట్రాక్ మురికిగా ఉంటే టైరు తుడిచినా ఒక్క చుట్టులోనే మళ్లీ మొదటికొస్తుంది.

* కార్పెట్ మీద కన్నా బల్లమీదో, చెక్క పలకమీదో ట్రాక్ పరవడం మేలు. నూగు, వెంట్రుకలు తగ్గుతాయి. ఇరుసుకు వెంట్రుకలు చుట్టుకుంటే పట్టకారుతో తీసేయండి.

* ఇరుసుకు, పళ్లచక్రాలకు నూనె వేసేటప్పుడు సూదిమొనంత చాలు. ఎక్కువైతే అది చేరేది టైరుకే.

* లైటర్ ద్రవం, ఆల్కహాల్ రెండూ భగ్గున మండేవే. వాటిని పెద్దవాళ్లే వాడాలి. కిటికీలు తెరిచి, పొయ్యికీ దీపానికీ దూరంగా తుడవాలి. మోటారులో చిన్న నిప్పురవ్వలు పుడతాయి కాబట్టి టైరు పూర్తిగా ఆరాకే కారును ట్రాక్‌మీద పెట్టాలి.

* సానపట్టినప్పుడు రేగే రబ్బరు పొడి కళ్లలో, ముక్కులో పడకుండా చూసుకోండి. పని అయ్యాక చేతులు కడుక్కోండి.

* పిల్లలకు మాత్రం టేపు ఒక్కటే ఇవ్వండి. పదింట తొమ్మిదిసార్లు అదే సరిపోతుంది!